మూడో అంతస్తుకు వచ్చిన నిప్పుకోడి

మోంతెవిదెయోలో నాటకాలు చూసే అలవాటున్న ఎవరినైనా ఆపి 'మూడో అంతస్తు' సంగతి అడిగితే, ముందు నవ్వుతారు, ఆ తర్వాతే మాట్లాడతారు. ఆ నవ్వంతా నెలిదా అర్రోస్పిదే చలవ. ఆ జర్మన్ నాటకాన్ని స్పానిష్‌లోకి తెచ్చింది ఆవిడే.

అప్పటికామె వయసు ఇరవయ్యారు. కళ్ళజోళ్ళు అమ్మే ఒక జర్మన్ పెద్దమనిషి దుకాణంలో రెండేళ్ళు పనిచేసి, సగం ఆయన తిట్లలోంచి, సగం ఒక లావుపాటి నిఘంటువులోంచి ఆ భాష నేర్చుకుంది. 'పై వరస కనిపిస్తోందా, కింది వరస కనిపిస్తోందా' అన్నంతవరకూ ఆమె జర్మన్‌కు వంక పెట్టడానికి లేదు. నాటకాల బృందం నడిపే వాషింగ్టన్ లర్రాల్దేకి అంత భాష సరిపోయింది. అతని పేరు చూసి కంగారు పడనక్కర్లేదు. ఆ ఊళ్ళో వీధికొక వాషింగ్టన్ ఉంటాడు. ఇతను మాత్రం ఒక పాత బట్టల గిడ్డంగి కింద ఉన్న నేలమాళిగలో కుర్చీలు వేసి, దాన్ని నాటకశాల అని పిలిచి, ఊరంతా అలాగే పిలిచేదాకా ఊరుకోని వాషింగ్టన్. బ్వేనోస్ ఐరెస్ వెళ్ళి లోమ్యూలర్ అనే కొత్త జర్మన్ రచయిత నాటకం ఒకటి తెచ్చాడు. ఇంకో బృందం దానిమీద కన్నేసిందట. అందుకని అనువాదం పదిహేను రోజుల్లో కావాలన్నాడు.

నాటకంలో పెద్ద కథేమీ లేదు. యుద్ధం అయిపోయింది. ఒక జర్మన్ ఊళ్ళో మూడో అంతస్తు వాటాలో తల్లి, తండ్రి, పెళ్ళీడుకొచ్చిన కూతురు ఉంటారు. కొడుకు ఇంకా ఇల్లు చేరలేదు. ఒకరోజు ఎవరో మనిషి తలుపు తడతాడు. పేరు సరిగ్గా చెప్పడు, వచ్చిన పని అసలే చెప్పడు. కాసేపు కూర్చుని వెళ్ళిపోతాడు. రెండో అంకంలో మళ్ళీ వస్తాడు, ఈసారి ఒక 'ష్ట్రౌస్' తీసుకుని.

నెలిదా నిఘంటువు తీసింది. ష్ట్రౌస్ అంటే నిప్పుకోడి అని ఉంది. దాని కిందే ఇంకో అర్థం కూడా ఉంది. కానీ తొందరలో ఉన్నవాళ్ళెవరూ మొదటి అర్థం దాటి చదవరు. ఆమెకూ ఒక్క క్షణం అనుమానం రాకపోలేదు. పైన మూడో అంతస్తుకు, మెట్లమీదుగా, నిప్పుకోడితో ఎలా వచ్చాడు చెప్మా అనుకుంది. తీరా తర్వాతి మాటలు చూస్తే అన్నీ అతికినట్టు సరిపోయాయి. "ఇంత పెద్దదా, ఎక్కడ పెట్టాలి దీన్ని" అంటుంది తల్లి. "ముందు నీళ్ళు చూడు, ప్రయాణంలో డీలాపడింది" అంటాడు తండ్రి. "స్నానాలగదిలో పెట్టనా" అంటుంది కూతురు. "ఎక్కడ పెట్టినా రెండు రోజులకు మించి బతకదు" అంటాడు తండ్రి. ఇన్ని సాక్ష్యాలు చూశాక ఎవరికైనా అనుమానం ఎందుకుంటుంది? నిప్పుకోడి అనే రాసింది.

వాషింగ్టన్ చదివి కుర్చీలోంచి లేచాడు. కొత్త నాటకమంటే ఇలా ఉండాలన్నాడు. ఆఫ్రికా నిప్పుకోడి దొరకదు గనక, దురాస్నో వైపు పచ్చికబయళ్ళలో తిరిగే న్యాందు పిట్టనొకదాన్ని బతిమాలి తెప్పించాడు. అది నిప్పుకోడికి చిన్న చెల్లెలి వరస. మొదటి ప్రదర్శనలోనే అది తండ్రి వేషగాడి కోటు గుండీలు రెండు మింగింది, మూడోదాని కోసం అతన్ని వేదిక చుట్టూ తరిమింది. జనం పొట్టలు పట్టుకున్నారు. అన్నిటికంటే పెద్ద నవ్వు చివరి సన్నివేశానిది. ఆ వచ్చినవాడు ఏమీ చెప్పకుండానే వెళ్ళడానికి లేస్తాడు. తల్లి ఆ పక్షివంక చాలాసేపు చూసి, కుర్చీలో కూలబడి, "ఇది మావాడి కోసం తెచ్చావు కదూ" అంటుంది. తెర పడుతుంది. ఆ మాట ఊళ్ళోకి పాకింది. పెళ్ళిళ్ళకు ఎవరైనా పనికిరాని బహుమతి తెస్తే, "ఇది మావాడి కోసం తెచ్చావు కదూ" అనడం రివాజైపోయింది.

పత్రికలవాళ్ళు ఆ పక్షి యూరప్ అన్నారు, నిజం చూడలేక ఇసుకలో తల దూర్చిన యూరప్. విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడు కాదు కాదు, అది అపరాధభావన అన్నాడు. నెలిదా ఆ ఉపన్యాసాలకు వెళ్ళి ముందు వరసలో కూర్చుని గంభీరంగా తలాడించేది.

మరుసటేడు పొరుగింటి జర్మన్ ముసలావిడ పుట్టినరోజుకు వెళ్ళింది. ఎవరో అల్లుడు గులాబీలు తెచ్చాడు. ముసలావిడ వాటిని గుండెలకు హత్తుకుని, ఎంత చక్కని ష్ట్రౌస్ తెచ్చావు నాయనా అంది. నెలిదా నోట్లో కేకు ముక్క నోట్లోనే ఉండిపోయింది. ఇంటికి వెళ్ళి నిఘంటువు తీసి రెండో అర్థం చదివింది. పూలగుత్తి. నిఘంటువు మూసి అల్మరా పైఅరలో పెట్టింది. లోమ్యూలర్ నాటకాన్ని దాని వెనక్కి తోసింది. ఆ నాటకాన్ని మళ్ళీ తెరవలేదు.

ఇక చెప్పడమెలా? అప్పటికి పక్షి ఊరందరిదీ అయిపోయింది. వాషింగ్టన్ ఎక్కడికి వెళ్ళినా నిప్పుకోడి దర్శకుడంటున్నారు. అతను ఆ పేరుతో పొంగిపోతున్నాడు. పాపం, ఈ మాట చెబితే తట్టుకోలేడనుకుంది. అలా రోజులు ఏళ్ళయ్యాయి. ఆమె తర్వాత ఇంకా నాటకాలు అనువదించింది, నిఘంటువులో ప్రతి మాటకూ ఆఖరి అర్థందాకా చదివి మరీ. ప్రతి తొలిప్రదర్శననాడూ బృందం వాళ్ళు ఆమె చేతిలో ఒక పూలగుత్తి పెట్టేవాళ్ళు. దాన్ని అందుకునేటప్పుడు ఆమె ముఖంలో కనిపించే ఇబ్బందిని వాళ్ళు అణకువ అనుకునేవాళ్ళు.

రెండోసారి నాటకం వేసినప్పుడు నిజం పిట్టలతో పడలేక అనీబల్ తెచేరా అనే నటుడికి ఈకల దుస్తులు తొడిగారు. అప్పటికతను సన్నగా పొడుగ్గా, బాగా సాగిన మెడతో, దేశంలో ఎవరికీ అందనంత గొప్ప ప్రేమికుడి వేషాల మీద ఆశలతో ఉండేవాడు. ఆ ఆశలన్నీ ఈకల కిందే ఉడికిపోయాయి. అతనంత బాగా నిప్పుకోడి వేసినవాడు లేడు. అసలు వేసినవాళ్ళే ఇంకెవరూ లేరనుకోండి. సైనిక పాలన వచ్చాక ఒక అధికారి నాటకం చూసి, ఆ పక్షి ఎవరని అడిగించాడు. పక్షే అన్నాడు వాషింగ్టన్. తల అటూ ఇటూ తిప్పుతూ నడిచే తీరు తనకు తెలిసినవారెవరినో గుర్తుచేస్తోందని అధికారి అన్నాడు. ఎవరినని అడిగే ధైర్యం వీళ్ళకు లేదు, చెప్పే ధైర్యం ఆయనకూ లేదు. పక్షిని నిషేధించి నాటకాన్ని మాత్రం ఆడనిచ్చారు. వచ్చినవాడు ఒట్టి తాడు పట్టుకుని వేదికమీదికి వచ్చేవాడు, తాడు చివర ఏమీ లేదు. జనం ఇంకా ఎక్కువ నవ్వారు. మంచిరోజులు మళ్ళీ వచ్చాక అనీబల్ ఈకలు తొడుక్కుని అడుగుపెడితే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అతను ఈకల లోపల వెక్కివెక్కి ఏడ్చాడు. చూసినవాళ్ళు అదీ నటనే అనుకున్నారు.

ఇదంతా జరిగాక హిమేనా వచ్చింది.

హిమేనా ఆ బృందంలోనే తెరలు లాగుతూ పెరిగిన పిల్ల. జర్మనీ వెళ్ళి నాటకం చదువుకుని వచ్చింది. వాషింగ్టన్‌కు మోకాళ్ళు అరిగిపోవడంతో ఆ ఏడు ఒక నాటకాన్ని ఆమె చేతిలో పెడదామనుకున్నారు. ఏం వేస్తావమ్మా అని అడిగితే 'మూడో అంతస్తు' అంది. అందరూ సంతోషించారు. అయితే పక్షి లేకుండా వేస్తానంది. అక్కడ ఆ నాటకం చూశానని, ఆ మనిషి తెచ్చింది పూలగుత్తి అని చెప్పింది.

వాషింగ్టన్, అనీబల్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆశ్చర్యపోవలసింది వాళ్ళయితే ఆశ్చర్యపోయింది ఆమె. వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసట. కళ్ళజోళ్ళ దుకాణం పెద్దమనిషి రెండో ఏడు నాటకానికి వచ్చి, నవ్వలేక చచ్చి, వాషింగ్టన్‌ను పక్కకు పిలిచి చెప్పాడట. వాషింగ్టన్ ఇంకెవరికీ చెప్పొద్దంటూ అనీబల్‌కు చెప్పాడట. అనీబల్ అదే షరతుమీద బృందం మొత్తానికీ చెప్పాడట. టికెట్లు చింపే అతనితో సహా అందరికీ తెలుసు, ఒక్క నెలిదాకు తప్ప.

"ఆవిడకు మాత్రం చెప్పకు," అన్నాడు వాషింగ్టన్. "బతుకంతా ఆ పక్షిని చూసి గర్వపడింది. ఈ వయసులో ఆ మాట వింటే ఏమైపోతుందో."

అనీబల్ ఇంకో అడుగు వేసి, అసలు నాటకమే మార్చమన్నాడు. అతని బాధ అతనిది. పూలగుత్తికి మనిషి అక్కర్లేదు కదా.

హిమేనాకు అబద్ధం ఆడటం చేతకాదు, నెలిదా అనుమతి లేకుండా ఆమె అనువాదంలో మాట మార్చడం ఇష్టం లేదు. ఒక ఆదివారం బేకరీలో వెన్న రొట్టెలు కొనుక్కుని ఆమె ఇంటికి వెళ్ళింది. నెలిదా చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు ఇరికించుకుని మాతే ఆకుల తేనీరు కలిపి, పీల్చే గొట్టంతో సహా చేతికిచ్చింది. హిమేనా వాతావరణంతో మొదలుపెట్టి, నది మీదనుంచి వీచే గాలి మీదుగా, జర్మన్ భాష గొప్పతనానికి వచ్చింది. అది చాలా సంపన్నమైన భాష అంది. ఒక్కో మాటకు ఎన్నేసి అర్థాలో అంది.

"ఉదాహరణకి?" అంది నెలిదా.

"ఉదాహరణకి... కీఫర్."

"దవడ, దేవదారు. ఇంకా?"

"బాంక్."

"బల్ల, డబ్బు దాచుకునే చోటు. ఇంకా?"

హిమేనా మాతే గొట్టం నోట్లోంచి తీయకుండా నేల చూపులు చూసింది. ఇంకో నాలుగు మాటలు చెప్పింది. నెలిదా అన్నిటికీ రెండేసి అర్థాలు చెప్పింది. రొట్టెల పొట్లం ఖాళీ అవుతోంది గానీ మాట దారికి రావడం లేదు.

"పూలగుత్తి అనడానికి ఇంత తిప్పలు పడాలా అమ్మాయ్?" అంది నెలిదా చివరికి.

"మీకు తెలుసా?"

"నువ్వు పుట్టకముందునుంచీ తెలుసు. తప్పకుండా మార్చుకో. ఆ ఒక్క మాటే కదా, మిగతా అంతా దేనికైనా సరిపోతుంది. కానీ నాకో సాయం చెయ్యి. వాషింగ్టన్‌తో మాత్రం ఇది నీ ఆలోచన అని చెప్పు. ముసలాడు ఆ పక్షిమీద ప్రాణం పెట్టుకున్నాడు. తప్పని తెలిస్తే కుంగిపోతాడు."

హిమేనాకు మాతే గొంతులో అడ్డంపడింది. దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుని, ఇక దాచి లాభం లేదనుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. టికెట్లు చింపే అతని పేరు వచ్చేసరికి నెలిదా లేచి కోటు వేసుకుంది.

వాషింగ్టన్ ఆదివారాలు నది ఒడ్డున రాంబ్లా అనే షికారు బాట గట్టుమీద కూర్చుని గాలాలు వేసేవాళ్ళకు సలహాలిస్తుంటాడు. చేపలు పట్టడం తెలియదు గానీ సలహాలకు కొదవలేదు. నెలిదా వచ్చి ముందు నిలబడింది. ఆమె కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని ఉండటం చూడగానే అతనికి విషయం అర్థమైంది.

"ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకు?"

"ఎంతోకాలం కాలేదు. కళ్ళజోళ్ళాయన బతికుండగా."

"ఆయన పోయి పాతికేళ్ళయింది. నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి?"

"దిద్దేదాన్ని."

"అందుకే చెప్పలేదు," అన్నాడు వాషింగ్టన్. "ఇంత మంచి పక్షిని చంపుకుంటామా? మరి నువ్వెందుకు చెప్పలేదు?"

నువ్వు బాధపడతావని అనడానికి ఆమెకు నోరు రాలేదు. గాలికి రేగిన జుట్టు సర్దుకుంటూ, ఇన్నాళ్ళూ తాను ఒక్కదాన్నే మోసిన బరువును టికెట్ల మనిషి కూడా మోశాడా అని దులిపింది. అతను గట్టుమీద కాస్త జరిగి చోటిచ్చాడు. తిడుతూనే కూర్చుంది. చీకటి పడేవేళకు ఇద్దరూ తిట్లన్నీ అయిపోయి, హిమేనా అంత పెద్ద పూలగుత్తి ఎక్కడినుంచి తెస్తుందో చర్చించుకుంటున్నారు.

రిహార్సల్సుకు నెలిదా వెళ్ళలేదు. తన మాటలే కదా, కొత్తగా వినేదేముంది అంది. అక్కడి కబుర్లు మాత్రం వచ్చేవి. అనీబల్‌ను ఊరుకోబెట్టడానికి తండ్రి వేషం ఇచ్చారట. ఎన్నో ఏళ్ళుగా వేదికమీద నోరు విప్పనివాడు కావడంతో మాటలు మరిచిపోయినప్పుడల్లా మెడ చాచి అటూ ఇటూ చూస్తున్నాడట. హిమేనా తల పట్టుకుంటోందట. ఊళ్ళో అయితే పక్షి లేదన్న వార్తకు పెద్ద గొడవే అయింది. రేడియోలో ఒకాయన సంప్రదాయాన్ని మంటగలుపుతున్నారని వాపోయాడు.

తొలి ప్రదర్శనకు నెలిదా వెనక వరసలో, పక్కన వాషింగ్టన్‌తో కూర్చుంది. రెండో అంకంలో ఆ మనిషి తలుపులోంచి వచ్చాడు. చేతుల్లో ఇంత పెద్ద తెల్లపూల గుత్తి. దాని వెనక ముఖం కూడా కనిపించలేదు. పక్షికి అలవాటుపడ్డ జనం కొందరు ముందే నవ్వేశారు. తల్లి ఎక్కడ పెట్టాలి అంది. తండ్రి నీళ్ళు చూడమన్నాడు. నవ్వు వచ్చింది, కానీ చిన్నగా. ఆ మనిషి మాత్రం నవ్వలేదు. ఏదో చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు పూల సంగతికే వెళ్ళిపోతున్నారు. కూతురి కోసం వచ్చాడేమోనని తల్లి సిగ్గుపడుతూ కాఫీ పోసింది. ఎక్కడ పెట్టినా రెండు రోజులకు మించి బతకదని తండ్రి అన్నప్పుడు ఆ మనిషి తల దించుకున్నాడు. ఈ మాటలన్నీ నెలిదా రాసినవే. ఇవి ఇలా ఉంటాయని ఆమెకు తెలియదు.

చివరి సన్నివేశం వచ్చింది. అతను వెళ్ళడానికి లేచాడు. తల్లి పూలవంక చూసింది. అన్నీ తెల్లవే. పిల్లనడగడానికి వచ్చేవాడు ఎవరూ సమాధులమీద పెట్టే తెల్లపూలు తేడు. చాలాసేపు చూసి మెల్లగా కూర్చుంది.

"ఇది మావాడి కోసం తెచ్చావు కదూ," అంది.

హాల్లో ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒకాయన అలవాటుకొద్దీ నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తెర పడింది.

నెలిదా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. కొడుకు రాడని చెప్పడానికి వచ్చి, చెప్పలేక, పూలు పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాడిని ఇన్నేళ్ళూ తాను కోడి వెంట పరిగెత్తించింది. తల్లి నిజం తెలుసుకునే మాటను పెళ్ళిళ్ళలో వేళాకోళానికి ఇచ్చేసింది. లోమ్యూలర్ పోయి చాలా కాలమైంది. ఆయనకు ఒక్క మాట చెప్పుకునే వీలు కూడా లేదు.

"ఎంత మంచి నాటకం రాశాడు వాషింగ్టన్," అంది.

వాషింగ్టన్ ముక్కు చీదుకున్నాడు. "అనువాదం కూడా బాగుంది," అన్నాడు.

"వెటకారమా?"

"లేదు. ఒక్క మాట మారిస్తే చాలు, మిగతాదంతా నిలబడింది చూడు. చెత్త అనువాదమైతే నిలబడేదా?"

ఆ మాట నిజమో ఓదార్పో తేల్చుకోలేక ఆమె అతని రుమాలు లాక్కుని ముఖం తుడుచుకుంది. లోపలికి వెళ్ళి హిమేనాను దగ్గరికి తీసుకుంది. అనీబల్ మూల కూర్చుని, తాను ఒక్క మాట కూడా మరిచిపోలేదని, కావాలంటే ఎవరినైనా అడగమని అందరికీ చెబుతున్నాడు. ఎవరూ అడగలేదు. కానీ అతను బాగానే చేశాడు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. పూలు బాగున్నాయి, పక్షి ఎప్పుడు అని టికెట్ల కిటికీ దగ్గర రోజూ అడిగేవాళ్ళు. ఆలోచించి ఆలోచించి హిమేనాయే ఒక దారి చెప్పింది. శుక్రవారం పూలు, శనివారం పక్షి. మాటలు అవే, మనుషులూ దాదాపు వాళ్ళే. తండ్రి వేషాన్ని శనివారాలు ఇంకొకరికి అప్పగించి అనీబల్ ఈకల్లోకి దూరాడు. నడుము పట్టేసినా సరే, అందులో ఉంటేనే ఊపిరి ఆడుతుందన్నాడు. శనివారం టికెట్లు మంగళవారానికే అయిపోయేవి. శుక్రవారం సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి.

నెలిదా శుక్రవారాలు వచ్చేది. వాషింగ్టన్ కూడా వచ్చి, ఒక కుర్చీ వదిలి కూర్చునేవాడు. నాటకం మధ్యలో తన పాత ప్రదర్శన గొప్పలు గుసగుసలాడుతున్నాడని ఆమే దూరంగా కూర్చోబెట్టింది. వదిలిన కుర్చీలో ఇద్దరి కోట్లూ ఒకదానిమీద ఒకటి పడి ఉండేవి.